ఆపిల్ ఎవరి నోటికోసం పండుతుంది?

ఆపిల్ పండు తినేశాక మధ్యలో మిగిలిన గింజల్ని మీలో చాలామంది ఏదో ఒకనాడు మట్టిలో గుచ్చే ఉంటారు. మన ఎండలకి అది చెట్టయి కాయడం కష్టమే, ఆ సంగతి తర్వాత చూద్దాం. ప్రస్తుతానికి బాగా చలి ఉన్న దేశంలో, మంచి నేలలో నాటారనుకోండి. ఏడెనిమిదేళ్ళు ఓపిక పట్టారు. చెట్టు కాసింది. ఆ కాయ ఎలా ఉంటుంది?

"మేం తిన్న పండులాగే" అంటారా? ఉండదు. పుల్లగా ఉండొచ్చు, వగరుగా ఉండొచ్చు, కొరికితే మొహం వంకర తిరగొచ్చు. రేగుపండంతే ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. ఒకే పండులోంచి తీసిన అయిదు గింజలు నాటితే అయిదు వేరువేరు రకాల చెట్లు వస్తాయి. అందులో ఒక్కటైనా తల్లిలాంటి పండు కాస్తే అది మీ అదృష్టం.

దీనికి కారణం ఆపిల్ పువ్వుకున్న ఒక పట్టుదల. తన పుప్పొడి తన మీదే పడితే అది ఒప్పుకోదు. పుప్పొడి రేణువు కీలాగ్రం మీద మొలకెత్తి సన్నని గొట్టంలా లోపలికి దిగుతుంది గదా? అది తన చెట్టుదే అయితే పువ్వులోని ఒక ఎంజైము ఆ గొట్టాన్ని దారిలోనే చంపేస్తుంది. వేరే రకం చెట్టునుంచి తేనెటీగ మోసుకొచ్చిన పుప్పొడి అయితేనే దారి దొరుకుతుంది. కాబట్టి ప్రతి ఆపిల్ గింజా సంకరమే. దాని తండ్రి ఎవరో తేనెటీగకే తెలియాలి!

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. పుల్లటి రకం పుప్పొడి పడితే పండు కూడా పుల్లనవుతుందనుకుంటారు. అవదు. మనం తినే కండ తల్లిచెట్టు శరీరమే, పువ్వు అడుగుభాగం ఉబ్బి అలా తయారవుతుంది. తండ్రి వాటా గింజలో మాత్రమే ఉంటుంది. పండుని అడ్డంగా కోసి చూడండి, అయిదు రేకుల నక్షత్రం కనిపిస్తుంది. అసలు అండాశయం ఆ నక్షత్రమే. మనం పారేసే భాగమే నిజమైన కాయ అన్నమాట.

మరి బజారులో ఒక రకం పండ్లన్నీ ఒకేలా ఎలా ఉంటున్నాయి? బంగినపల్లి మామిడి గుర్తు తెచ్చుకోండి. టెంక పాతి బంగినపల్లి తోట వేసిన రైతు లేడు. అంటు కట్టాల్సిందే. ఆపిల్‌కీ అంతే. నచ్చిన చెట్టునుంచి పెన్సిలంత పుల్ల కోస్తారు. వేళ్ళున్న మరో మొక్కని కోసి, రెండిటి కోతలూ కలిపి గట్టిగా కడతారు. బెరడుకీ చెక్కకీ మధ్య పలచని పచ్చటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొరా ఈ పొరా తాకితే కొన్ని వారాల్లో అతుక్కుపోతాయి. పైనున్నది పుల్ల ఇచ్చిన చెట్టు రకం, కింద వేళ్ళు మరొకరివి. రెండు వేల ఏళ్ళ కిందటి రోమనులకే ఈ పని బాగా తెలుసు.

ఎలుగుబంటి ఎంచిన పండు

ఇంత మంచి పండు మొదట ఎక్కడ పుట్టింది? మధ్య ఆసియాలో, తియాన్‌షాన్ కొండల్లో. కజకిస్తాన్‌లోని ఆ కొండ వాలుల మీద ఆపిల్ చెట్లు అడవులుగానే ఉండేవి. 1929లో రష్యన్ శాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్ ఆల్మా-ఆటా నగరం పక్కన ఆ అడవులు చూసి, ఆపిల్ జన్మస్థానం ఇదేనని తేల్చాడు. (ఆల్మా అంటే ఆ భాషలో ఆపిల్.) ప్రపంచంలోని ఎన్నో పంటల విత్తనాలు సేకరించిన ఆ మహానుభావుణ్ణి స్టాలిన్ ప్రభుత్వం 1940లో అరెస్టు చేసింది. 1943లో జైల్లోనే చనిపోయాడు. ఆయన ఊహ నిజమేనని 2010లో ఆపిల్ జన్యువులన్నిటినీ చదివినప్పుడు రుజువైంది. అయితే ఆయన చూసిన అడవుల్లో చాలాభాగం ఇప్పుడు లేదు, నగరం మింగేసింది. మిగిలిన అడవి ఆపిల్‌ని ఇప్పుడు ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు.

ఆ అడవుల్లో ఒక్కో చెట్టుది ఒక్కో రుచి. కొన్ని మాత్రం మన ఆపిల్‌లాగే పెద్దవి, తియ్యనివి. అడవిలో అంత పెద్ద పండు ఎవరికోసం? ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుడు బారీ జూనిపర్ దీనికో సమాధానం ఊహించాడు, ఎలుగుబంటి కోసమని. ఎలుగు పెద్ద పండుని, తీపి పండుని ఏరుకుని తింటుంది. గింజలు నున్నగా, గట్టిగా ఉండి పళ్ళ మధ్యనుంచి జారిపోతాయి. నమిలినా చేదు, కాబట్టి నమలబుద్ధి కాదు. ఎక్కడో పేడలో పడి మొలుస్తాయి. వేల ఏళ్ళపాటు ఎలుగులు ఇలా తీపి గింజల్నే చల్లుకుంటూపోతే అడవి మెల్లగా తియ్యబడదూ? ఇది ఊహే అయినా నాకు చాలా నచ్చిన ఊహ.

ఇప్పుడు దీని చిన్న చుట్టాన్ని చూడండి. సైబీరియాలో, ఉత్తర చైనాలో ఒక ఆపిల్ ఉంది. దాని కాయ బఠానీ గింజకన్నా కాస్త పెద్దది, ఎర్రగా నిగనిగలాడుతుంది. ఇది పిట్టలకోసం పండేది. పిట్టకి ఎరుపు బాగా కనిపిస్తుంది, ముక్కుకి పట్టే సైజు కావాలి, తీపి అంత అవసరం లేదు. ఇలాంటి చిన్న ఆపిళ్ళన్నిటినీ కలిపి క్రాబ్ ఆపిల్ అంటారు. అడ్డుకొలత 5 సెంటీమీటర్లు, అంటే రెండంగుళాలు, దాటకపోతే క్రాబ్, దాటితే ఆపిల్. ఇది తోటమాలులు పెట్టుకున్న లెక్క. ప్రకృతికి స్కేలుబద్ద లేదు.

ఎనిమిది డాలర్ల గింజలు

చిన్నదని క్రాబ్‌ని చులకన చెయ్యకూడదు. అమెరికా ఉత్తరాన మిన్నెసోటా అనే రాష్ట్రం ఉంది. చలికాలంలో అక్కడ సున్నాకి దిగువన 30 డిగ్రీలు కూడా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో అక్కడికి వలసవచ్చిన పీటర్ గిడియన్ అనే ఆయన వేలకొద్దీ ఆపిల్ మొక్కలు పెంచాడు. ఒక్కో చలికాలానికి కొన్ని చచ్చిపోయాయి. చివరికి మిగిలింది దాదాపు ఒక్క క్రాబ్ మొక్క. చేతిలో ఉన్నది ఎనిమిది డాలర్లు, ఒంటిమీద చలికోటు లేదు. కోటు కొనుక్కోకుండా ఆ డబ్బు మెయిన్ రాష్ట్రానికి పంపి మళ్ళీ గింజలు తెప్పించాడని చెబుతారు. వాటిలో ఒక గింజ చలికి తట్టుకుంది, పెద్ద పండు కాసింది. గింజ ఒక క్రాబ్ చెట్టుదని చెబుతారు. 1868లో ఆ రకం బయటికొచ్చింది. దానికి ఆయన తన భార్య పేరే పెట్టాడు, "వెల్తీ" అని. 

ఆ రాష్ట్రపు విశ్వవిద్యాలయం ఈ పనిని ఇప్పటికీ కొనసాగిస్తోంది. 1922లో హెరాల్సన్, 1949లో చెస్ట్‌నట్ అనే తియ్యటి క్రాబ్, 1991లో హనీక్రిస్ప్ అక్కడినుంచే వచ్చాయి. హనీక్రిస్ప్ కోసం సంకరం చేసింది 1960లో! అంటే పువ్వు మీద పుప్పొడి పూసిన 31 ఏళ్ళకి పండు బజారుకొచ్చింది. ఇంతా చేసి, దాని తల్లిదండ్రులుగా పుస్తకంలో రాసిన రెండు పేర్లూ తప్పని తర్వాత డి.ఎన్.ఏ. పరీక్షలో తేలింది.

నాలుక చేసే లెక్క

ఆపిల్ రుచి చూడడం ఒక విద్య. కొరకగానే ముందు తెలిసేది రుచి కాదు, చప్పుడు. కరకరలాడే పండులో జీవకణాలు ఒకదానికొకటి గట్టిగా అంటుకుని ఉంటాయి. మనం కొరికితే కణాలే పగులుతాయి, రసం చిమ్ముతుంది. బాగా మగ్గిన పండులో కణాల మధ్య జిగురు వదులవుతుంది. కొరికితే కణాలు పగలకుండా విడివిడిగా జారిపోతాయి. రసం లోపలే ఉండిపోయి, పిండి తిన్నట్టుంటుంది. ఎండిపోయిన పండనుకుంటాం గాని, అందులో నీళ్ళకి కొదవలేదు.

తర్వాత తీపి, పులుపు. ఆపిల్ పులుపుకి మూలం మాలిక్ ఆమ్లం. 1785లో స్వీడన్ రసాయనికుడు షీలె దాన్ని ఆపిల్ రసంలోంచే వేరు చేశాడు. తీపి ఒక్కటే ఉంటే పండు చప్పగా ఉంటుంది. మంచి పండులో తీపి ఎక్కువ, దానికి దీటుగా పులుపు కూడా ఎక్కువ. కాలిఫోర్నియాలో ఆల్బర్ట్ ఎటర్ అనే ఆయన తయారుచేసిన విక్సన్ అనే క్రాబ్ ఉంది. నిమ్మకాయంత పండులో రెండూ పోటీపడతాయి.

మూడోది వగరు. ఉగాది పచ్చడి తినే మనకి దీన్ని వేరే వివరించనక్కరలేదు, ఆరు రుచుల్లో దానికో పీట వేశాం. కానీ శరీరశాస్త్రం ప్రకారం వగరు రుచి కాదు, స్పర్శ! కాయలోని టానిన్లు మన ఉమ్మిలోని ప్రోటీన్లని పట్టుకుని ముద్దలు కట్టిస్తాయి. ఉమ్మికున్న జారుడుతనం పోతుంది. నాలుకకీ అంగిలికీ మధ్య గరుకు తెలుస్తుంది. నేరేడుపండు తిన్నాక నాలుక మొద్దుబారినట్టుండేది అందుకే. డాల్గో అనే క్రాబ్ చూడడానికి ఎర్రటి పగడంలా ఉంటుంది. (రష్యన్‌లో ఆ మాటకి పొడుగు అని అర్థం. కాయ కోలగా ఉంటుంది.) కొరికితే పులుపు, వెంటనే వగరు. పంచదార వేసి ఉడికిస్తే మాత్రం గులాబీరంగు జెల్లీ కడుతుంది. పుల్లటి కాయల్లో పెక్టిన్ ఎక్కువ కావడం దీనికి కారణం.

ఇక వాసన. నిజానికి ఆపిల్‌ని ఆపిల్‌గా గుర్తుపట్టేది ముక్కే. ఇది మాటలతో నమ్మొద్దు. చివర్లో ప్రయోగం చెబుతాను.

జింక సంగతి

మనిషికి పనికిరాని ఈ వగరు కాయల్ని అమెరికాలో కొందరు పనిగట్టుకుని నాటుతారు. ఎవరికోసం? తెల్లతోక జింకలకోసం. అడవి అంచుల్లో, పొలాల పక్కన క్రాబ్ చెట్లు వేస్తారు. వేటగాళ్ళూ వేస్తారు, జింకల్ని చూసి సంతోషించేవాళ్ళూ వేస్తారు.

మరి జింకకి వగరు తెలియదా? మ్యూల్ జింకల ఉమ్మిలో టానిన్లని కట్టిపడేసే ప్రత్యేక ప్రోటీన్లున్నాయని పరిశోధనలో తేలింది. గడ్డి మేసే ఆవుల ఉమ్మిలో, గొర్రెల ఉమ్మిలో అవి కనిపించలేదు. కారణం ఊహించగలరా? గడ్డిలో టానిన్లు తక్కువ. జింక తినేది ఆకులు, చిగుళ్ళు, పుల్లలు. వాటి నిండా టానిన్లే. రోజూ వగరు తినే జీవికి వగరు కాయ ఒక లెక్కా! మన అడవుల్లో చుక్కల దుప్పి ఉసిరికాయలకోసం చెట్టు కింద చేరుతుంది. కాయ మింగి, తర్వాత తీరిగ్గా నెమరువేసేటప్పుడు గింజల్ని ఉమ్మేస్తుంది. ఉసిరి గింజకి కొత్తచోటు దొరుకుతుంది. దుప్పి ఉసిరిని పారేసుకోకుండా తింటోంది, క్రాబ్‌తో తెల్లతోక జింక చేసేదీ అలాంటి పనే.

ఎర్రటి కాయని జింక ఎర్రగా చూడదు. 1992లో జార్జియా విశ్వవిద్యాలయంలో జింకల కళ్ళని పరీక్షించారు. వాటికి రంగుల్ని పసిగట్టే కణాలు రెండు రకాలే ఉన్నాయని, మనకున్న మూడో రకం లేదని తేలింది. ఎరుపూ ఆకుపచ్చా వాటికి ఇంచుమించు ఒకటే. జింకని చెట్టు దగ్గరికి నడిపించేది వాసన.

కాబట్టి జింకలకోసం నాటేవాడు రంగు చూడడు, రాలే కాలం చూస్తాడు. కాయ తొడిమ చివర ఒక పలచని పొర ఏర్పడితేనే కాయ రాలుతుంది. డాల్గోలాంటివి వేసవి చివర్లోనే రాలిపోతాయి. అప్పుడు అడవినిండా మేతే, జింకకి పెద్ద ఉపకారం లేదు. కొన్ని క్రాబ్‌లలో ఆ పొర సరిగా ఏర్పడదు. ఆకులన్నీ పోయినా, మంచు పడినా కాయలు కొమ్మల్నే పట్టుకుని ఉంటాయి. గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి మెత్తబడతాయి. వగరు తగ్గుతుంది. అడవిలో తినడానికి పుల్లలు తప్ప ఏమీ లేని జనవరిలో ఒకటీ రెండూ మంచుమీద రాలుతుంటే, అది జింకకి పండగే. పైన మిగిలినవి పిట్టలకి.

"అయితే ఒక బండెడు ఆపిల్ పళ్ళు తెచ్చి అడవిలో పోస్తే సరి!" అనుకోకండి. జింక పొట్టలో మేతని పులియబెట్టే సూక్ష్మజీవులుంటాయి. చలికాలంలో అవి పుల్లల్ని అరిగించడానికి అలవాటుపడి ఉంటాయి. ఒక్కసారిగా ధాన్యమో, తీపి మేతో కుప్పగా దొరికితే పొట్టలో ఆమ్లం పెరిగిపోయి జింక చచ్చిపోవచ్చు. పైగా ఒకే కుప్ప దగ్గర అన్నీ మూతులు పెడితే రోగాలు అంటుకుంటాయి. అందుకే అక్కడ చాలా రాష్ట్రాలు ఇలా మేపడాన్ని నిషేధించడమో, హద్దులు పెట్టడమో చేశాయి. దయ చూపించడానికి కూడా కొంత జంతుశాస్త్రం తెలియాలి.

పొట్టి చెట్టా, పొడుగు చెట్టా?

ఈ జింకే చెట్టుకి మొదటి శత్రువు. చిన్న మొక్కని ఒక్క రాత్రిలో మోడు చేసేస్తుంది. మగజింక కొమ్ములు రుద్ది లేత బెరడంతా చీల్చేస్తుంది. జింకకోసం నాటిన చెట్టుకి అయిదారేళ్ళపాటు జింకనుంచే కాపలా కావాలి. అయిదడుగుల ఎత్తు తీగవల చుట్టూ కడతారు.

ఇక్కడే వేరుమొక్క ఉపయోగపడుతుంది. చెట్టు ఎత్తుని నిర్ణయించేది చాలావరకు కింద ఉన్న వేరే. ఇంగ్లండులోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రంలో ఇరవయ్యో శతాబ్దం తొలిరోజుల్లో ఈ వేరుమొక్కల్ని వేరుచేసి నంబర్లిచ్చారు. ఎం.9 మీద అంటు కడితే చెట్టు ఎనిమిది, పదడుగులు దాటదు, మూడో ఏటికల్లా కాపుకొస్తుంది. నిచ్చెన లేకుండా కోసుకోవచ్చు. మనుషుల తోటలకి అదే మంచిది. జింకల చెట్టుకి మాత్రం అంటొనోవ్కా అనే రష్యన్ ఆపిల్ గింజల్నుంచి వచ్చిన మొక్కలాంటి జోరైన వేరు కావాలి. కొమ్మలు జింక మూతికి అందకుండా ఆరడుగులు దాటాలి గదా! నేలమీది జీవికి మేత పెట్టాలంటే ఆకాశంలోకి పెరగాలి. వినడానికి తమాషాగా ఉంది, కాని లెక్క అదే.

అన్ని తోటల్లో ఒకే అంటు రకం ఉండడంలో ఒక అపాయముంది. ఒక చెట్టుకి తగిలిన తెగులు అన్నిటికీ తగులుతుంది. ఆపిల్‌కి స్కాబ్ అనే బూజు తెగులు కాయని నల్లటి పెచ్చులమయం చేస్తుంది. 1914లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ క్రాండల్ అనే శాస్త్రజ్ఞుడు ఒక జపాన్ క్రాబ్‌ని పెద్ద ఆపిల్‌తో సంకరం చేశాడు. ఆ సంతానంలో కొన్నిటికి స్కాబ్ అంటదని చాలాకాలం తర్వాత మరొకరు గమనించారు. తరతరాలుగా మళ్ళీ మళ్ళీ సంకరం చేసి, క్రాబ్‌లోని ఆ ఒక్క జన్యువుని మంచి పండులోకి తెచ్చారు. 1970లో ప్రైమా అనే రకం అలా వచ్చింది. తర్వాత ఐరోపాలో ఆ జన్యువునీ జయించిన బూజు పుట్టుకొచ్చింది. శాస్త్రజ్ఞులు ఇప్పుడు ఇతర క్రాబ్‌లని వెతుకుతున్నారు.

మన దేశంలో ఆపిల్ అంటే కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్. హిమాచల్‌లో కోట్‌గఢ్ దగ్గర 1916 ప్రాంతంలో అమెరికానుంచి తెచ్చి డెలీషియస్ రకం నాటింది శామ్యూల్ స్టోక్స్. 1904లో భారతదేశానికొచ్చి ఇక్కడివాడే అయిపోయి, తర్వాత సత్యానంద్ స్టోక్స్ అని పేరు మార్చుకున్నాడు. మన మైదానాల్లో ఆ రకాలు కాయకపోవడానికి కారణం, చెట్టు నిద్రలేవాలంటే ఏడు డిగ్రీల సెంటీగ్రేడుకి దిగువన దాదాపు వెయ్యి గంటల చలి కావడమే. ఆ గంటలు లెక్కకి రాకపోతే మొగ్గ విప్పుకోదు. అయితే ఇజ్రాయిల్‌లో తయారైన అన్నా లాంటి కొన్ని రకాలకి రెండు మూడొందల గంటలు చాలు. అలాంటి తక్కువ చలి రకాల్నే మన దగ్గరా ప్రయత్నిస్తున్నారు. తెలంగాణలో ఆసిఫాబాద్ వైపు కెరమెరి మండలంలో ఒక రైతు తోటలో 2020లో ఆపిల్ పళ్ళు కాశాయి.

మీరు చేసి చూడండి

ఒక ఆపిల్ ముక్క, అదే సైజులో ఒక పచ్చి బంగాళాదుంప ముక్క, ఒక జామకాయ ముక్క తీసుకోండి. కళ్ళు మూసుకుని, ముక్కు గట్టిగా పట్టుకుని, మీ స్నేహితుణ్ణి ఒక్కొక్కటీ నోట్లో పెట్టమనండి. ఏది ఏదో చెప్పండి. తర్వాత నములుతూ ఉండగానే ముక్కు వదలండి. ఆ క్షణంలో నోట్లోకి ఏం వచ్చిందో రాసుకోండి.

రెండోది పెద్దవాళ్ళ సాయంతో చెయ్యాలి. ఒక పళ్ళెంలో నీళ్ళలో కొద్దిగా టింక్చర్ అయొడిన్ కలపండి. కాస్త గట్టిగా ఉన్న ఆపిల్‌నీ, బాగా మగ్గిన ఆపిల్‌నీ అడ్డంగా కోసి, కోసినవైపు అందులో ఒక నిమిషం ఉంచి తీయండి. అయొడిన్ తగిలితే పిండిపదార్థం నీలంగా, నల్లగా మారుతుంది. పండుతున్నకొద్దీ పిండి చక్కెరగా మారుతుంది, కాబట్టి మగ్గిన పండు తెల్లగానే మిగులుతుంది. మచ్చ ముందు నక్షత్రం దగ్గర మాయమై, తొక్క వైపు జరుగుతూ పోతుంది. కోతకి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి తోటవాళ్ళు చేసే పరీక్ష ఇదే. పరీక్షించిన ముక్కలు మాత్రం తినకండి, మేకకీ పెట్టకండి.